కుడి జేబులో స్విస్సు, ఎడమ జేబులో ఫ్రెంచి

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్న పెద్దమనిషి తొడుక్కున్న బట్టలకి జేబులుండి ఉండవు. నా పంట్లానికి రెండున్నాయి. కుడివైపు స్విస్సు మడతకత్తి, ఎడమవైపు ఫ్రెంచిది. "ఎవరి మీదికండీ దండయాత్ర?" అంటుంది మా ఆవిడ. ఇప్పటిదాకా నేను జయించినవి కొరియర్ డబ్బాలు, పాలపాకెట్లు, సగం పనసకాయ.

ఎర్ర స్విస్సు కత్తి మడిస్తే 91 మిల్లీమీటర్లు. ఇబాక్ అనే ఊళ్లో కార్ల్ ఎల్సెనర్ 1884లో పెట్టిన కార్ఖానా వంశం. సైన్యంలో ఆఫీసర్ల కోసమని ఆయన 1897లో చేసిన కత్తిలోనే బిరడాలు లాగే మెలికల చువ్వ ఉంది. మా ఇంట్లో బిరడా ఉన్న సీసా ఒక్కటీ లేదు. ఉన్న ఆముదం సీసాకి ప్లాస్టిక్ మూత. అయినా ఆ చువ్వని నేనెవరికీ ఇవ్వను. పైజామా బొందు పీటముడి పడ్డప్పుడు, అదీ అవతల తొందరగా ఉన్నప్పుడు, దాని మొన దూర్చి చిన్నగా లాగితే చాలు. ఆఫీసర్ల అవసరాలు ఎల్సెనర్‌గారికి బాగా తెలుసు.

దానికి తాళం లేకపోవడమే లోపం. బ్లేడు స్ప్రింగు బిగువు మీదే నిలబడుతుంది. వెనక్కి నొక్కుకుపోతే మూసుకుంటుంది, మధ్యలో వేలున్నా సరే. నా చూపుడువేలికి రెండు కుట్లు.

ఆ కుట్లు విప్పించుకున్న వారమే ఒపినెల్ కొన్నాను. ఆల్ప్స్ కొండల్లోని సవోయ్‌లో జోసెఫ్ ఒపినెల్ 1890లో మొదలుపెట్టిన కత్తి. చెక్కపిడి, ఒకే బ్లేడు. సైజుకో నంబరు. నాది 8, బ్లేడు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. 1955లో చేర్చిన ఉక్కు ఉంగరాన్ని తిప్పితే ఇక మూసుకోదు. స్విస్సుది కిరాణా కొట్టయితే, ఇది ఒక్క వంకాయ కూరే చేసినా ఆకు నాకించే వంటమనిషి.

ఆ గర్వంతోనే పోయిన వేసవిలో అత్తవారింట ఆవకాయకి కూర్చున్నాను. "అల్లుడుగారు కాయలు కొడతారట!" అని పిల్లలు చుట్టూ చేరారు. మొదటి కాయలో కత్తి టెంకదాకా దిగి ఆగింది. లాగితే కాయ కూడా వచ్చింది. మామిడికాయ వేలాడుతున్న కత్తిని పట్టుకుని నేనూ, నన్ను చూస్తూ అత్తగారూ. నాది తుప్పుపట్టని రకం కాదు, పాతకాలపు కార్బన్ ఉక్కు. పులుపు తగలగానే మొహం మాడ్చుకుంది. పంపు కింద కడిగి, మడిచి పెట్టాను. తెల్లారేసరికి పిడి నీళ్లు తాగి ఉబ్బి, బ్లేడు రానంటే రానంది.

సవోయ్ వాళ్లకి దీనికో చిట్కా ఉంది. పిడి అడుగు కొసని గట్టిచోట కొడితే బ్లేడు మొన పైకి లేస్తుంది. గడప మీద కొట్టాను. రోలు మీద కొట్టాను. "వడ్రంగిని పిలిపించమంటారా?" అన్నారు మామగారు, చాలా మర్యాదగా. ఈలోగా ఊరి కమ్మరి ఎప్పుడో చేసిచ్చిన, పేరూ నంబరూ లేని కత్తితో అత్తగారు మిగిలిన యాభై కాయలూ కొట్టేసి, ఆవపిండి కలపడానికి లేచారు.

భోజనాలయ్యాక రసాలు తిన్నాం. మామగారు నాలిక దవడకేసి తిప్పుతూ నా దగ్గరికొచ్చారు. "అల్లుడుగారూ, ఆ ఎర్రదాంట్లో పళ్లు కుట్టుకునే పుల్ల ఉందన్నారు కదా?"

తీసిచ్చాను. మళ్లీ తిరిగి రాలేదు. కత్తి కూడా ఉంచుకోమన్నాను, తనకి అక్కర్లేదన్నారు.