బండి సత్యము, చోటు మిథ్య

వేదాంతరహస్యము తెలియగోరువారు కాశికి గాని శృంగేరికి గాని పోనక్కరలేదు. దీపాలు పెట్టు వేళకు రాజమహేంద్రవరమున కోటగుమ్మము వద్దకు వచ్చి, నూనెలో తేలుచున్న పునుగులను, ముంతకింద పప్పు కలుపువాని చేతివేగమును, ఋతువునుబట్టి తేగల కట్టలనో తాటిముంజెలనో తిలకించుచు, ఈ బండివాడు నిజముగా నున్నాడా లేడా యని యొక్కమారు ప్రశ్నించుకొన్న చాలును. ఆ ప్రశ్నకు నగరపాలక కార్యాలయమున నొక్కొక్క గది యొక్కొక్క సమాధానమిచ్చును.

ఉన్నాడనుటకు ప్రథమప్రమాణము ఆశీలు చీటీ. ఏటేటా పాట పెట్టుదురు. పాడుకొన్న పెద్దమనిషి తాలూకు మనుష్యులు ప్రొద్దుననే బయలుదేరి గంపకింత, బండికింత యని వసూలు చేసికొందురు. బండివాని యస్తిత్వమున వీరికి లేశమైనను సంశయము లేదు. ఒక్కనాడు బండి కనబడకున్నచో కుశలమడుగువారు గూడ వీరే. ద్వితీయప్రమాణము బ్యాంకు. 2020 జూన్‌లో కేంద్రప్రభుత్వము స్వనిధి పేర తొలుత 10,000 రూపాయలు అప్పిప్పించెదమనెను; సక్రమముగా తీర్చినవారికి పిమ్మటి కాలమున 20,000, ఆపై 50,000 అనెను. 2020 నవంబరులోనే రాష్ట్రమువారు జగనన్న తోడు పేర వడ్డీలేని 10,000 ప్రకటించిరి. పట్టణ పేదరిక నిర్మూలన సంస్థయగు మెప్మావారు ఫొటో తీసిరి, గుర్తింపుకార్డు చేతికిచ్చిరి. తృతీయప్రమాణమును గూర్చి వ్రాయుట పత్రికామర్యాద కాదు. దానికి చీటీ లేదు.

ఇన్ని ప్రమాణములచే సిద్ధించిన యీ జీవుడు, మంత్రిగారెవరో విచ్చేయుచున్నారనియో, పై యధికారి తనిఖీకి వచ్చుచున్నాడనియో వార్త పుట్టిన తెల్లవారి, లారీ రాగానే మాయమగును. నిన్న వానికి ఆశీలు కట్టించిన చోటు నేడు రోడ్డు మార్జిను. మార్జినున నిలిచినది ఆక్రమణ. ఆక్రమణను తొలగించుట ధర్మము. చీటీ ఇచ్చిన సంస్థయు లారీని పంపిన సంస్థయు నొక్కటే గదా యని యడుగువాడు మందబుద్ధి. ఒక్కటియే యైనప్పుడు ఒకరి మాట మరొకరికి తెలియనేల?

శాసనకర్తలకు మాత్రము ఈ వేదాంతము పట్టుబడినట్లు తోచదు. వీధిలో వ్యాపారము చేసికొనుట, సహేతుకములైన కట్టడులకు లోబడి, పౌరుని ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 1989లోనే సోదాన్ సింగ్ కేసున తేల్చినది. పిమ్మట 2014లో వచ్చిన వీధి విక్రేతల చట్టము మరింత అమాయకమైనది. అయిదేండ్లకొక్కసారియైనను సర్వే చేయవలెనట. సర్వే ముగిసి సర్టిఫికెట్లు పంచువరకు ఎవ్వరిని కదల్పరాదట. కదల్పదలచినచో 30 దినముల నోటీసు ముందుగా నీయవలెనట. పట్టుకొన్న సరకు చెడిపోవునదైనచో అడిగిన నాడే, కానిచో రెండు పనిదినములలో, తిరిగి యప్పగింపవలెనట! లారీ యెక్కిన మిరపకాయ బజ్జీ వేడి చల్లారక మునుపే యజమానిని చేరిన దృష్టాంతము పురాణములలో గూడ కానరాదు.

ఇంతకన్న రమ్యమైనది పట్టణ విక్రయ కమిటీ. దానికి అధ్యక్షులు సాక్షాత్తు కమిషనరుగారు. సభ్యులలో 40 శాతమునకు తగ్గకుండ విక్రేతలు తమలోనుండి తామే యెన్నుకొన్నవారు, వారిలో మూడవవంతు స్త్రీలు. అనగా లారీని పంపువారును, ఆ లారీకెక్కు బండ్ల యజమానులును ఒకే బల్ల చుట్టు కూర్చుండి, కాఫీ త్రాగుచు, ఏ బండి ఎచ్చట నుండవలెనో నిర్ణయింతురన్నమాట. ఆ కాఫీయైనను బండి మీదిదే యగునేని న్యాయముగ నుండును.

పట్టణ జనాభాలో 2.5 శాతము వరకు విక్రేతలకు చోటు చూపవలెనని చట్టము. 2011 లెక్కల ప్రకారము రాజమహేంద్రవరము జనాభా సుమారు 3.4 లక్షలు గనుక, ఆ లెక్కన చోటులు 8,500. ఇన్ని చోటులెక్కడివని యధికారులు విచారించినచో తప్పు లేదు. కాని విచారము ఫలించి, బండ్లు నిలుపుటకు అనుమతించు చోటుగా యేర్పడు గ్రీన్ జోన్, పేరునకు తగినట్లు, పచ్చగడ్డి దట్టముగా మొలచి మనుష్యసంచారము లేని చోటనే యేల యుండవలెనో బోధపడదు. మనుష్యులు దారిన పోవుచు పునుగులు తిందురే గాని, పునుగుల కొరకు ఊరు దాటి యాత్ర చేయరు.

నడచువారి యవస్థ నేనెరుగకపోలేదు. ముసలివారు, చంకన బిడ్డతో స్త్రీలు, కాలిబాట లేక లారీల నడుమ ప్రాణములరచేత బట్టుకొని పోవుట నిజమే. అయితే ఆ కాలిబాటను మ్రింగినది బండి యొక్కటేనా? దుకాణముల మెట్లు, జన్మదిన శుభాకాంక్షల ఫ్లెక్సీలు, జనరేటర్లు చట్టమెరుగని ప్రాణులా? నాలుగు చక్రముల కారు దినమంతయు నిలిచిన పార్కింగట, నాలుగు చక్రముల బండి నాలుగు గంటలు నిలిచిన ఆక్రమణయట. ఏబదియేండ్లు పైబడి సాగుచున్న సహజవిపణులను వారసత్వ విపణులుగా ప్రకటించి, అచ్చటివారిని కదల్పరాదని ఆ చట్టముననే కలదు. గోదావరి గట్టున, పాత వీధులలో, తాతల నాటినుండి గంప దింపుచున్నవారికి ఈ సంగతి చెప్పువారెవరు?

2027లో గోదావరి పుష్కరములు. లక్షలాది యాత్రికులకు టిఫినును, సోడాయు, కొబ్బరిబోండమును అందించువారు ఈ బండివారే. కావున అధికారులకు మా విన్నపము: సుందరీకరణ లారీలు బయలుదేరక మునుపే సర్వే ముగింపుడు, కమిటీని పిలువుడు, వార్డువారీగా చోటుల పట్టిక గోడకంటింపుడు, ఆశీలు చీటీ మీద ఆ చోటు సంఖ్య అచ్చువేయింపుడు. చోటు చూపలేనిచో ఆశీలు వసూలు మానుడు.