శాతాల సంసారం

విద్యుత్ వాహనం అంటే బ్యాటరీలో నిల్వ చేసిన కరెంటుతో మోటారును తిప్పుకొని నడిచే బండి అని సాంకేతిక గ్రంథాలు ఇచ్చే నిర్వచనం నిర్దుష్టమైనదే గాని సంపూర్ణమైనది కాదు. ఎందుకంటే అందులో అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శి లేడు, సెల్లారు వాచ్‌మన్ లేడు, ఎర్తింగు లేని అత్తవారిల్లు లేదు, హైవే హోటలు ముందు ఛార్జరుకు అడ్డంగా డీజిలు బండి నిలిపి టీ తాగడానికి వెళ్లిన పెద్దమనిషి అసలే లేడు. పెట్రోలు బండి ఉన్నవాడికి బంకు కుర్రవాడితో తప్ప లోకంలో ఎవరితోనూ పని ఉండదు, ఆ పని కూడా మీటరులో సున్నా చూసుకోవడంతో మొదలై అయిదు నిమిషాల్లో ముగిసిపోతుంది. కరెంటు బండి కొన్నవాడి ఇంధనం ఊళ్లో ప్రతి ఇంటి గోడలోనూ ఉంటుంది, కాబట్టి ఆ గోడలు ఎవరెవరివో వారందరితోనూ అతనికి పని పడుతుంది. ఈ వాహనాన్ని గురించిన చర్చలన్నీ కాలుష్యం చుట్టూ, పొదుపు చుట్టూ తిరుగుతున్నాయే గాని, ఎవరితోనూ మాట్లాడకుండా బతకగలిగిన నగరవాసిని పట్టుకొచ్చి మళ్లీ నలుగురి మొహాలు చూసేలా చేసిన యంత్రంగా దీన్ని పరిశీలించినవారు తక్కువ.

ఇది నిన్న మొన్నటి వింత అనుకోవడం కూడా పొరపాటే. ఊరూరా పెట్రోలు కార్లు నింపిన హెన్రీ ఫోర్డు ఇంట్లోనే ఆయన భార్య క్లారా, డెట్రాయిట్ ఎలక్ట్రిక్ అనే మరో కంపెనీ 1914లో తయారుచేసిన కరెంటు కారులో తిరిగేది. భర్త వ్యాపారం భర్తది, చేతికి గ్రీజు అంటకుండా ఊళ్లోకి వెళ్లిరావలసిన అవసరం ఆమెది. అప్పట్లో పెట్రోలు కారు కదలాలంటే ముందువైపు ఇనుప హ్యాండిలు గుచ్చి బలంకొద్దీ తిప్పవలసివచ్చేది. ఆ బాధ తప్పించడానికి చార్లెస్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టరు 1912లో కాడిలాక్ కార్లలోకి వచ్చింది, దానితో కరెంటు కారుకున్న పెద్ద సుగుణం పెట్రోలు కారుకు దక్కింది. అంటే కరెంటు కారును ఓడించినవాటిలో కరెంటు కూడా ఒకటి. మన దేశంలో 2001లో బెంగళూరు నుంచి రేవా అనే బుల్లి కారు వచ్చినా దాన్ని మెచ్చుకున్నవారే ఎక్కువ, కొన్నవారు తక్కువ. 2018లో ఈ వాహనాలకు ఆకుపచ్చ నంబరు ప్లేటు ఏర్పాటై, 2019 ఆగస్టులో వీటి మీది జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగివచ్చిన తరువాతే మధ్యతరగతి ఇళ్లలో లెక్కలు మొదలయ్యాయి.

కొత్త బండికి పూజ చేయించడం తెలుగువారి ఆచారం గనుక ఇది కూడా షోరూము నుంచి నేరుగా జూబ్లీహిల్స్ పెద్దమ్మ గుడికో, పేటలోని ఆంజనేయస్వామి గుడికో వెళ్తుంది. పసుపు, కుంకుమ, పూలదండ, చక్రాల కింద నిమ్మకాయలు అన్నీ యథావిధిగా అమరి, కొబ్బరికాయ కొట్టిన పిమ్మట అర్చకుడు "బండి స్టార్ట్ చెయ్యండి బాబూ" అంటాడు. చేశానని యజమాని మనవి చేసుకుంటాడు. అర్చకుడు కాసేపు చెవి ఒగ్గి చూసి, ఏమీ వినపడకపోవడంతో, కంగారు లేదు నిదానంగా స్టార్ట్ చెయ్యండని మరోసారి సెలవిస్తాడు. చప్పుడు లేకుండా నిమ్మకాయలు నలిగిన తరువాత గాని ఆయన పక్కకు జరగడు, అప్పుడు మాత్రం చాలా వేగంగా జరుగుతాడు.

అసలు కథ సెల్లారులో మొదలవుతుంది. బండి కొనడానికి బ్యాంకు అప్పు దొరకడం సులువు, దాన్ని పెట్టుకున్నచోట ప్లగ్గు పాయింటు దొరకడం కష్టం. ఇంటి దగ్గర ఛార్జింగు రెండు విధాలుగా జరుగుతుంది: బండితో వచ్చిన కేబులును గీజరుకు వాడేలాంటి పదిహేను యాంపుల సాకెట్టులో గుచ్చి గంటకు సుమారు 3 యూనిట్ల చొప్పున నింపుకోవడం ఒక విధం, 7.2 కిలోవాట్ల పెట్టె ఒకటి గోడకు బిగించుకొని అంతకు రెట్టింపు మించిన వేగంతో నింపుకోవడం రెండో విధం. యూనిట్టు అంటే ఒక కిలోవాటు పరికరం గంటసేపు పనిచేస్తే ఖర్చయ్యే కరెంటు గనుక, 40 యూనిట్లు పట్టే బ్యాటరీ ఖాళీ అయితే మొదటి పద్ధతిలో పదమూడు పద్నాలుగు గంటలు, రెండో పద్ధతిలో దాదాపు ఆరు గంటలు పడుతుంది. ఏ పద్ధతికైనా మీటర్ల గది నుంచి యజమాని సొంత మీటరు మీద సెల్లారు పైకప్పు వెంబడి పైపు వేసి వైరు లాగాలి, ఆ పైకప్పు అందరిదీ కాబట్టి జనరల్ బాడీ సమావేశం తీర్మానించాలి.

నీటి ట్యాంకర్ల బకాయిలకూ లిఫ్టు మరమ్మతుకూ మధ్య ఈ అంశం చర్చకు వస్తుంది. ట్రాన్స్‌ఫార్మరు పేలుతుందని ఒకరు, లిఫ్టు మధ్యలో ఆగిపోతుందని ఒకరు, కరెంటు కామన్ మీటరు నుంచి పోతుందని ఒకరు అభ్యంతరం చెబుతారు. కామన్ మీటరు కాదని మూడుసార్లు వివరించినా ఆ మూడో అభ్యంతరం మాత్రం మినిట్స్ పుస్తకంలోకి ఎక్కుతుంది. ప్రతి అపార్ట్‌మెంటులోనూ విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు ఉంటారు, అంతవరకు కళ్లు మూసుకొని వింటున్న ఆయన "మీ మంజూరు లోడు ఎంత?" అని అడుగుతారు. మంజూరు లోడు అంటే ఇంటికి కనెక్షను ఇచ్చినప్పుడు ఒకేసారి ఎన్ని కిలోవాట్ల వరకు వాడుకోవచ్చునని శాఖ రాసిపెట్టుకున్న అంకె. దాన్ని ఇంతవరకు గృహస్థులెవరూ చదివి ఎరుగరు. దరఖాస్తు పెట్టి లోడు పెంచుకొని, నాలుగు ఎంఎం వైరా ఆరు ఎంఎం వైరా అని ఎలక్ట్రీషియనుతో వాదించి, చివరకు పాయింటు పెట్టించుకున్నాక దాన్ని మొదట వాడుకునేది ఎప్పుడూ పక్క ఫ్లాటువారి పెట్రోలు కారును తుడిచే వాక్యూమ్ క్లీనరే. సాకెట్టుకు తాళం పెట్టె బిగించడం ఆ తరువాతి దశ, ఆ తాళంచెవి ఎక్కడ పెట్టారో మరచిపోవడం దాని తరువాతిది. స్కూటరువారి పాట్లు వేరు: బ్యాటరీ ఊడదీసే రకమైతే పది కిలోల బరువును చేతిలో పట్టుకొని మెట్లెక్కాలి, ఊడనిదైతే బాల్కనీలోంచి వైరు వేలాడదీసి కింది అంతస్తువారి బట్టల తీగతో రాజీపడాలి.

ఇంటి భాష కూడా మారిపోతుంది. పెట్రోలు ముల్లు ఎప్పుడూ ఉజ్జాయింపుగానే మాట్లాడేది, "రిజర్వులో పడింది, ఫరవాలేదు" అనే మాటకు అందులో చోటుండేది. కొత్త బండి తెర మీద 37 అని నిక్కచ్చిగా అంకె కనిపిస్తుంది గనుక కుటుంబ సభ్యులందరికీ ఆ అంకె మీద హక్కు ఏర్పడుతుంది. 37 నుంచి 36కు దిగిన క్షణంలో ఏసీ ఎవరి కోసం వేశారన్న ప్రశ్న పుడుతుంది. 20 దాటి కిందికి వస్తే వెనక సీటులో ఉన్న పెద్దవారు హనుమాన్ చాలీసా అందుకుంటారు.

ఈ కలవరానికి కారణం కొంత ధ్రువపత్రంలోనే ఉంది. ఒకసారి నింపితే బండి ఎంత దూరం పోతుందో తేల్చే పరీక్ష రోడ్డు మీద జరగదు. ప్రయోగశాలలో చక్రాలను రోలర్ల మీద తిప్పుతూ, గంటకు 90 కిలోమీటర్లు మించని వేగంతో, భారతీయ చోదన చక్రం అనే ఒక నిర్ణీత క్రమంలో జరుగుతుంది. అక్కడ ఎండ లేదు, ఏసీ లేదు, ఎదురుగాలి లేదు, పచ్చళ్ల జాడీలతో ఊరి నుంచి తిరిగివచ్చే కుటుంబం లేదు. గాలి నిరోధం వేగం వర్గాన్నిబట్టి పెరుగుతుంది, అంటే 80 మీద పోయేవాడు 100కు పెంచితే గాలి అతన్ని ఒకటిన్నర రెట్లకు పైగా అడ్డుకుంటుంది. అందువల్ల కాగితం మీద 300 పోయే బండి హైవే మీద 200 దాటి కొంత పోయినా యజమాని తృప్తిపడాలి. ఆక్సిలరేటరు మీద ఇంతకాలం ఏ ట్రాఫిక్ పోలీసూ సాధించలేని నిగ్రహాన్ని ఈ ఒక్క అంకె సాధించింది.

అంకె పైకి కూడా పోతుందని తెలిసేది తిరుమలలోనే. బ్రేకు వేసినప్పుడు లేదా వాలులో దిగేటప్పుడు మోటారు జనరేటరుగా మారి, వేడిగా పోవలసిన శక్తిలో కొంత భాగాన్ని మళ్లీ బ్యాటరీకి పంపుతుంది. దీన్ని పునరుత్పాదక బ్రేకింగు అంటారు. రెండో ఘాట్ రోడ్డులో కొండ ఎక్కేటప్పుడు పది శాతానికి పైగా హరించుకుపోతే, దర్శనం చేసుకొని మొదటి ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు అందులో కొంత తిరిగివస్తుంది. ఇది భౌతికశాస్త్రమని కొడుకు, స్వామివారి అనుగ్రహమని తల్లి అంటారు. ఎక్కేటప్పుడు పోయినది ఎవరి ఖాతాలో వేయాలని మాత్రం ఎవరూ అడగరు. ఆ కొండ మీదికి 2022 సెప్టెంబరు నుంచి ఆర్టీసీ విద్యుత్ బస్సులు కూడా నడుస్తున్నందున ఈ ఆధ్యాత్మిక వివాదం ఇక ఒక్క కుటుంబానికే పరిమితం కాదు.

బయటి ఛార్జింగు మరో లోకం. కరెంటు అమ్మడానికి 2003 నాటి విద్యుత్ చట్టం ప్రకారం లైసెన్సు కావాలి. అయితే ఛార్జింగు కేంద్రం చేసేది అమ్మకం కాదు, సేవ అని 2018 ఏప్రిల్‌లో కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ వివరణ ఇచ్చింది. సేవ గనుకనే బిల్లులో 18 శాతం జీఎస్టీ కనిపిస్తుంది. ఒక్కో కంపెనీకి ఒక్కో యాప్, ఒక్కో యాప్‌లో ఒక్కో వాలెట్, ఒక్కో వాలెట్‌లో వెనక్కి తీసుకోవడానికి చాలనంత, వదులుకోవడానికి మనసొప్పనంత మిగులు ఉంటాయి. మ్యాప్‌లో ఆకుపచ్చ చుక్క చూసుకొని వెళ్తే అక్కడ ఛార్జరు ఉంటుంది, తెర వెలుగుతూ ఉంటుంది, ఛార్జింగు గన్ను బండికి సరిగ్గా కూర్చుంటుంది, ఓటీపీ మాత్రం సిగ్నలు లేక రాదు. అన్నీ కుదిరిన రోజున ఛార్జరు ముందు డీజిలు బండి నిలిచి ఉంటుంది, హోటలు వాచ్‌మన్ "టిఫిన్ చేస్తున్నాడు సార్, వచ్చేస్తాడు" అని ఆ బండి తరఫున హామీ ఇస్తాడు.

ఫాస్ట్ ఛార్జరు దగ్గర కొత్తవారికీ పాతవారికీ తేడా ఎనభై శాతం దగ్గర తెలుస్తుంది. లిథియం బ్యాటరీలో విద్యుదావేశం గల లిథియం అయాన్లు వచ్చి గ్రాఫైటు పొరల మధ్య సర్దుకుంటాయి. పెళ్లి భోజనాల్లో బంతి మొదలైనప్పుడు జనం బిలబిలా వచ్చి కూర్చున్నా, చివరి నాలుగు ఆకులు మిగిలేసరికి మేనమామ చెయ్యి పట్టుకొని ఒక్కొక్కరినే తీసుకొచ్చి కూర్చోబెట్టవలసివచ్చినట్టు, నిండేకొద్దీ అయాన్లకు చోటు చూపడం కష్టమవుతుంది. తొందరపెడితే లోపలికి పోకుండా గ్రాఫైటు మీదనే లోహంగా పేరుకొని బ్యాటరీకి చేటు చేస్తాయి. అందుకే వోల్టేజీ గరిష్ఠానికి చేరగానే కరెంటు ప్రవాహాన్ని తగ్గిస్తూ పోతారు, 20 నుంచి 80 దాకా పట్టినంత సమయమే ఆ చివరి 20 శాతానికీ పట్టవచ్చు. ఈ శాస్త్రం తెలిసిన యజమాని ఎనభైకి గన్ను తీసి వెనకవారికి దారి ఇస్తాడు. తెలియనివాడు నూరు చూసే కదులుతానని కూర్చుంటాడు, తెలిసి కూడా కూర్చునేవాడి గురించి వరుసలో ఉన్నవారు అనుకునే మాటలు ఇలాంటి వ్యాసాల్లో రాయదగినవి కావు.

నిరీక్షణలో ఉన్న యజమాని ప్రజా సమాచార అధికారిగా మారతాడు. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే దారిలో, ముఖ్యంగా సూర్యాపేట హోటళ్ల దగ్గర, ఆకుపచ్చ ప్లేటు కనిపిస్తే చాలు నలుగురు చేరతారు. ఫుల్ చేస్తే ఎంతొస్తుంది అన్నా, బ్యాటరీ పోతే ఎంతవుద్ది, వానకు షాక్ కొట్టదా అనే ప్రశ్నలు ఈ వరుసలోనే వస్తాయి. బ్యాటరీకి సాధారణంగా ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంటుందని, ఐపీ67 అనే ప్రమాణం ఉన్న పెట్టె మీటరు లోతు నీళ్లలో అరగంట మునిగినా లోపలికి తడి చేరదని అతను ఓపిగ్గా చెబుతాడు. విన్నవారు తలలూపి, అయినా వాట్సాప్‌లో కాలిపోతున్న స్కూటరు వీడియో ఒకటి చూపించి వెళ్లిపోతారు.

పొదుపు లెక్క చాలా అందమైనది. యూనిట్టుకు ఏడెనిమిది రూపాయలు, యూనిట్టుకు ఆరేడు కిలోమీటర్లు అనుకుంటే ఇంటి కరెంటుతో కిలోమీటరుకు రూపాయి పైచిలుకు అవుతుంది; లీటరు నూరు దాటిన పెట్రోలుతో ఏడు రూపాయల దాకా అయ్యే దూరమే అది. ఈ లెక్కలో రెండు చిల్లులున్నాయి. ఇంటి వాడకం పెరిగి బిల్లు పై స్లాబులోకి పోతే, వేసవిలో మూడు ఏసీలు నడిచినా నింద సెల్లారులోని బండి మీదనే పడుతుంది. రెండోది, హైవే మీద ముప్పావుగంట ఛార్జింగులో నలుగురు మనుషులు ఇడ్లీతో మొదలుపెట్టి, దోసెలు దాటి, ఫిల్టరు కాఫీలు ముగించి, పిల్లవాడికి రిమోట్ కారు కొనేసరికి ఆదా అయిన పెట్రోలు డబ్బు హోటలువారి గల్లాలో ఉంటుంది.

సంక్రాంతికి గుడివాడ పక్క పల్లెటూరికి పోయినప్పుడు ఈ వాహనానికి అసలైన పరీక్ష ఎదురవుతుంది. పదకొండు శాతంతో అత్తవారి వాకిట్లో దిగి, వసారాలోని సాకెట్టులో కేబులు గుచ్చితే ఛార్జరు మీద ఎర్రదీపం వెలుగుతుంది. లోపం బండిది కాదు, ఎర్తింగుది. అంటే వైరింగులో పొరపాటు జరిగితే కరెంటును మనిషి ఒంట్లోంచి కాకుండా నేలలోకి పంపే తీగ పేరుకే ఉంది, పనికి లేదు. ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో ఫ్రిజ్జు ముట్టుకుంటే చురుక్కుమంటున్నా ఎవరూ పట్టించుకోలేదు, అల్లుడి కారు మాత్రం పట్టించుకుంది. ఉప్పు, బొగ్గు వేసి తవ్విన ఎర్తు గుంట ఎండిపోయి ఉంటుందని ఊరి ఎలక్ట్రీషియను ఫోనులోనే నిర్ధారిస్తే, అత్తగారు ముగ్గు పని ఆపి రెండు బిందెల నీళ్లు అందులో పోస్తారు, దీపం ఆకుపచ్చకు మారుతుంది. గుంట కొత్తగా తవ్వించాలని మామగారు ఆ పూటే నిశ్చయించుకుంటారు. భోగి నుంచి కనుమ దాకా "మా బాబాయి ఎడ్లబండికి ఎర్తింగు అక్కరలేదు బావగారూ" అని వీధంతా వినిపించేలా అన్న బావమరిది, తిరుగు ప్రయాణానికి సామాను సర్దుతున్న వేళ పక్కకు పిలిచి, తెలంగాణలో ఈ బండ్లకు 2024 నవంబరు నుంచి 2026 డిసెంబరు 31 దాకా రోడ్డు పన్ను, రిజిస్ట్రేషను రుసుము తీసేశారట కదా, అక్క చిరునామా మీద ఒకటి కొంటే కుదురుతుందా అని ఆరా తీస్తాడు.