గిల్లేదీ వారే, ఊపేదీ వారే

ఆసుపత్రి బిల్లు సర్కారు కడుతోంది కాబట్టి మనం ఏం తినాలో, ఏం తాగాలో, ఏది మానాలో చెప్పే హక్కూ సర్కారుదేనట. న్యాయమే. 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితి తెలంగాణలో 10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్‌లో 25 లక్షలకు పెరిగింది. అంత పోసేవారు ఆ మాత్రం పెత్తనం చెయ్యొద్దూ?

కాకపోతే ఈ పెద్దమనిషికి ఇంకో వ్యాపారం కూడా ఉంది.

దశలవారీగా మద్యం మాన్పిస్తానంటూ 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ సర్కారు దుకాణాలన్నీ తనే నడపడం మొదలెట్టింది. మరుసటేడు మే నెలలో రేట్లు 75 శాతం పెంచింది. అంతా జనం మీద ప్రేమే సుమా! 2022లో బేవరేజెస్ కార్పొరేషన్ పేర బాండ్లు అమ్మి 8 వేల కోట్ల పైచిలుకు అప్పు తెచ్చింది. ఆ అప్పుకు ఆసరా మాన్పించబోయే తాగుడే. జనం నిజంగానే మానేసి ఉంటే వాయిదాలు ఎవరు కట్టేవారో! ప్రభుత్వం మారింది. 2024లో 3,396 దుకాణాలకు లాటరీ తీసి ప్రైవేటువాళ్లకు అప్పగించారు, 99 రూపాయలకే క్వార్టరన్నారు. తెలంగాణ మాత్రం తక్కువ తిందా? 2023లో 2,620 దుకాణాలకు లక్షా 30 వేలకు పైగా దరఖాస్తులు, ఒక్కో దరఖాస్తుకు తిరిగిరాని 2 లక్షలు. చుక్క అమ్మకముందే 2,600 కోట్లు!

ఆ సీసా ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. మూత మీద ఎక్సైజువారి హోలోగ్రాం తళతళలాడుతుంది. ఆరోగ్యానికి హానికరమన్న ముక్క చదవాలంటే మాత్రం కళ్లజోడు కావాలి.

తాగుడుకు కళ్లెం వెయ్యమని అడిగినవాళ్లు లేకపోలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. వాళ్లు చూసుకున్నది వైద్యం ఖర్చు కాదు, తమ వీపుల మీది వాతలు. ఆ ఊపుతో 1995లో నిషేధం వచ్చింది. రెండేళ్లకే, 1997లో, ఖజానాకు ఊపిరాడక ఎత్తేశారు.

ఖర్చు పెట్టేవాడిదే పెత్తనమైతే ఖజానా నింపేవాడి మాటేమిటి? రోజూ సాయంత్రం కౌంటరు ముందు నిలబడి రాష్ట్రాన్ని పోషిస్తున్న తాగుబోతుకు, మంత్రుల కాన్వాయ్‌లో ఎన్ని కార్లుండాలో, ఎందరు సలహాదారుల్ని పెట్టుకోవాలో చెప్పే హక్కు రావాలి కదా!

అయ్యా, మా నాలుకకు తాళం వెయ్యండి, కాదనం. ముందుగా బడ్జెట్ పుస్తకంలో మద్యం మీద వచ్చిన రాబడి పక్కనే, తాగుడు జబ్బులకు ఆసుపత్రులకు కట్టిన మొత్తం కూడా అచ్చు వెయ్యండి. ఆ రెండంకెలూ ఒకే పేజీలో కనపడేదాకా మా పచ్చట్లో ఉప్పు జోలికి రాకండి.