ద్రావిడ రాణిగారి హిందీ పాండిత్యం

శని, ఆదివారాలు రెండూ స్టార్ ప్లస్‌కి సమర్పించుకున్నాం కాబట్టి నోరు చేసుకునే హక్కు వచ్చేసినట్టే. ‘బాహుబలి రచయిత నుంచి’ అని ప్రోమోల్లో ఊదరగొడుతుంటే ఏ తెలుగువాడు ఆగుతాడు? సమరసింహారెడ్డి, సింహాద్రి, మగధీర... ఆ కథలన్నీ అల్లిన విజయేంద్రప్రసాద్ గారు 2017లో ఆర్యులకూ ద్రావిడులకూ పోరు పెట్టి ‘ఆరంభ్’ అనే హిందీ సీరియల్ రాస్తే, చేతిలో పని వదిలేసి టీవీ ముందు కూలబడ్డాం.

ముందు మంచి చెప్పుకోవాలి గనక చెప్పేస్తాను. అత్తాకోడళ్ల గోల కాదు. ఆడదే గద్దెనెక్కే రాజ్యం. ద్రావిడ రాణిగా మన ‘రంగం’ సినిమా కార్తీక చేతిలో కత్తి నప్పింది. హీరో రజనీశ్ దుగ్గల్ కండలు బాగున్నాయి. పోస్టర్ మీద హీరో పేరు కన్నా రచయిత పేరు మోగడం మన దేశంలో వింతే. గ్రాఫిక్స్ సంగతి ఎత్తను, వదిలేయండి.

ఇక రాణి పేరు. దేవసేన. అప్పటికి బాహుబలి రెండో భాగం వచ్చి రెండు నెలలైనా కాలేదు, అందులో దేవసేనగా అనుష్క ఇంకా కొన్ని థియేటర్లలో బాణాలు వేస్తూనే ఉంది, అప్పుడే ఇంకో దేవసేన దిగింది. సరే, అచ్చొచ్చిన పేరు అనుకుందాం. కానీ ద్రావిడ రాణికా ఆ పేరు? సుబ్రహ్మణ్య షష్ఠికి ఏ గుడికి వెళ్లినా స్వామికి అటొకరు, ఇటొకరు కనిపిస్తారు. దేవసేన ఇంద్రుడు కన్యాదానం చేసిన పిల్ల. రెండో ఆవిడ వల్లి. కొండల్లో చేను కావలి కాసిన పిల్ల, అచ్చంగా దక్షిణాది పిల్ల. కల్యాణం చేయించే పూజారిని అడిగినా చెబుతాడు, ఎవరు ఎటువైపో. ఆర్యుల మీద కత్తి దూసే రాణికి, ఆర్యుల దేవుడు ఇంద్రుడింటి ఆడపడుచు పేరు పెట్టారు! పైగా ఇంద్రుడి బిరుదు పురందరుడు. కోటలు పడగొట్టేవాడని అర్థం. సింధు నగరాలను కూల్చింది ఇంద్రుడి బలగమేనని పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ ఒకప్పుడు నేరం మోపితే, ఇప్పటి పండితులు ఆ కేసు కొట్టేశారు. మన సీరియల్ ఏకంగా వియ్యమే కలిపేసింది. వల్లి మాత్రం పాపం, ఇంకా చేను కావలి కాస్తూనే ఉంది.

మా పెద్దమ్మ పక్కనే కూర్చుని చూసింది. కాసేపయ్యాక అడిగింది: “ఒరే, ఇంతకీ వీళ్లలో మనవాళ్లెవరు?” ఆవిడ తప్పేముంది? ఆర్యులదీ హిందీయే, ద్రావిడులదీ హిందీయే. అదీ మామూలు హిందీ కాదు, దూరదర్శన్ రామాయణం నాటి గంభీరమైన హిందీ. ద్రావిడ రాణిగారైతే హిందీ ప్రచార సభ వారి ప్రవీణ ఫస్టు క్లాసులో పాసైనట్టు దంచేశారు.

వెటకారం పక్కన పెడతాను, ఎందుకంటే ఇక్కడ నాకు నిజంగానే ఒళ్లు మండింది. ద్రావిడం అనే మాట ఇవాళ మనం వాడే అర్థంలో నిలబడింది దేని మీద? భాష మీద. 1816లో మద్రాసులో ఎల్లిస్ దొర, క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి ముందుమాట రాస్తూ, తెలుగు సంస్కృతం నుంచి పుట్టింది కాదు, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబమని రుజువు చేశాడు. సాక్ష్యం మన తెలుగే! నలభై ఏళ్లకు, 1856లో, కాల్డ్‌వెల్ ఆ కుటుంబం మీద పెద్ద గ్రంథమే వేశాడు. మొహంజోదారోలో ఉన్నదెవరో ఇంకా తేలలేదు, వాళ్ల లిపి ఇప్పటిదాకా ఎవరూ చదవలేదు. ఈ గొడవంతటిలో గట్టిగా నిలిచినది భాష ఒక్కటే. సరిగ్గా దాన్నే తుడిచిపారేసి, మిగిలిన నగలూ నడుం పట్టీలూ చూపించి, ఇదిగో ద్రావిడం అన్నారు. దక్షిణాది అంటే దుస్తుల పెట్టె అనుకునే బొంబాయి బుద్ధి ఇది. దాని మీద మనవాడి పేరు ముద్ర!

హిందీ ఛానెల్‌లో హిందీ కాక ఏముంటుందని మీరనొచ్చు. అయ్యా, బాహుబలిలో కాలకేయుడికి కిలికి అని ఒక భాషే పుట్టించారు, వందల మాటలతో, వ్యాకరణంతో సహా. రాక్షసుడికి దక్కిన మర్యాద రాణికి దక్కదా? రెండు జాతులు మొదటిసారి ఎదురుపడితే ఒకరి మాట ఒకరికి అర్థం కాకపోవడం కంటే పెద్ద నాటకం ఇంకేం కావాలి? పోనీ ఈ రచయితకు అది చేతకాదా అంటే, ‘బజరంగీ భాయీజాన్’ రాసింది ఈయనే. మాటే రాని పసిపిల్లను సరిహద్దు దాటించి, దేశం మొత్తాన్ని ఏడిపించారు. మాట లేకపోవడంలోంచి అంత కథ పిండిన మనిషి, ఇక్కడ చేతికందిన దాన్ని నేల పాలు చేశారు. చేతకాని రచయితైతే ఛానెల్ మార్చేవాణ్ణి, ఇంత రాసేవాణ్ణి కాదు.

విజయేంద్రప్రసాద్ గారూ, సీరియల్ ముగిసిపోయినా ఒక్క మాట చెప్పక తప్పదు. ఆ రాణిగారికి పూర్తి డైలాగు వద్దు, కోపం వచ్చినప్పుడు తిట్టడానికైనా నాలుగు ద్రావిడ మాటలు ఇప్పించాల్సింది. అర్థం చెప్పే పని మేం చూసుకునేవాళ్లం.