కొందఱుగారు

చెన్నపట్టణమున త్యాగరాయనగరమందు, పానగల్ ఉద్యానమునకు నాలుగు వీథుల ఆవల, మేడమీది రెండుగదుల వాటాలో చిరకాలము కాపురముండిన ఆ పెద్దమనిషికి తల్లిదండ్రులు పెట్టిన పేరేమో మాలో చాలమందికి జ్ఞాపకము లేదు. ఆయనను కొందఱుగారనియే వ్యవహరించెడివారము. ఒకటి రెండు మాఱులు ఆయన యెదుటనే నోరుజారి అట్లు పిలుచుటయు జరిగినది. ఆయన కోపగింపక, "అట్లు పిలుచువారును కొందఱున్నారు" అని మందహాసము చేసి ఊరకుండిరి.

వారి వ్యాసము పదునాలుగు పుటలుండెననుకొనుడు. మొదటి పుటలో "కొందఱందురు" అని యుండును. మూడవదానిలో "మఱికొందఱి మతము" వచ్చును. ఏడవదానిలో "అట్లు కాదని వాదించువారును లేకపోలేదు" అని దారి మలుపు తిరుగును. పదునాలుగవ పుట చివర "ఇది విజ్ఞులు విచారించి తేల్చుకొనవలసిన విషయము" అని మంగళహారతి పాడును. ఆ విజ్ఞులలో తాము చేరుదురో చేరరో మాత్రము చెప్పరు. నడుమ నడుమ కొన్ని వాక్యములు, ఎవరు పలికినవో తెలియనివి, తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లలవలె ఎవరి వ్రేలు పట్టుకొనవలెనో తోచక తిరుగుచుండును. "ఇది తమ అభిప్రాయమేనా?" అని అడిగినవాని కనుబొమలు ముడివడియున్నచో "అయ్యో, అది పూర్వపక్షము నాయనా!" అందురు, ముఖము వికసించియున్నచో "మఱి యెవరిదనుకొంటివి?" అందురు. ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయమున శనివారమునాడు ఏ యాంగ్లగ్రంథముననో చదివిన మాట, సోమవారమునాటికి "నాకు బాల్యమునుండియు తోచుచున్నది" అను ముసుగు వేసికొని వచ్చుటయు కలదు. ఈ దోషమునకు నేను మాత్రము దూరుడనా? "మాలో చాలమందికి" అని పైన వ్రాసినప్పుడు మఱచినవాడను నేనేనని చెప్పక దాచితిని గదా!

ఒకనాటి మధ్యాహ్నము వారింట భోజనమునకు కూర్చుంటిని. విస్తరిలో గుత్తివంకాయ. ఇల్లాలు గరిటె చేతబట్టుకొని, "ఏమండీ, కూరలో ఉప్పు సరిపోయిందా?" అని అడిగినది. ఆయన ముద్దను నోటిలో అటునిటు త్రిప్పి, కన్నులు మూసి, "లవణము కించిత్తు తక్కువైనదని కొందఱనవచ్చును" అనిరి. ఆమె నావంక చూచినది. నేను విస్తరివంక చూచితిని.

"ఎవరండీ ఆ కొందరూ? ఇక్కడ తింటున్నది మీరూ, ఈ అబ్బాయీనూ. పాపం అబ్బాయి నోరెత్తనే లేదు" అని ఆమె ఉప్పుగిన్నె తెచ్చి ఆయన విస్తరిముందు ఠక్కున పెట్టి లోపలికి పోయినది. ఆయన వ్రేలికొనలతో రెండు రవ్వలు వేసికొనిరి. ఆమె వంటయింటిలోనే యున్నదని రూఢి చేసికొన్న పిమ్మట మఱి రెండు.

1952వ సంవత్సరాంతమున మైలాపూరులో బులుసు సాంబమూర్తిగారి యింట పొట్టి శ్రీరాములుగారు ప్రత్యేకాంధ్రరాష్ట్రమునకై 58 దినములు నిరాహారులై యుండి అసువులు బాసిరి. తన మాటకు తన ప్రాణమునే సాక్షిగా నొక మనుష్యుడు నిలిపిన ఆ దినములలో, ఊరంతయు "మద్రాసు మనదే" అను నినాదముతోను, కాదను ప్రతినినాదముతోను దద్దఱిల్లుచుండగా, కొందఱుగారి సంకటము వర్ణనాతీతము. మేడమీద కూడినవారు తెలుగువారు; క్రింద కాపురమున్న ఇంటి యజమాని తమిళుడు. మెట్ల తలుపు మూసియున్నంతసేపు "పట్టణము మనదేయని పెద్దలు నిరూపించుచున్నారు" అనెడివారు. మెట్లమీద అడుగుల చప్పుడు వినబడగానే "నిరూపణ చాలదనువారును కలరు" అని కలిపెడివారు. ఒకనాడు ఆ యజమాని, గుమ్మమువద్ద చెప్పులు విడుచుచు ఈ రెండవ భాగమును విని, నవ్వి, వచ్చీరాని తెలుగులో, "పట్టణం ఎవరిదైనా సరే సార్, వాడగ మాత్రం నాది" అనెను. ఆ యింట స్వపక్షమును స్పష్టముగా ప్రతిపాదించిన వక్తను నేను చూచినది అదియే మొదటిసారి.

ఉండబట్టలేక ఒక సాయంకాలము వారితో తలపడితిని. "అయ్యా, మన శాస్త్రకారులు పరుల మతమును దాచలేదు, తమ మతమును దాచలేదు. పూర్వపక్షమును ప్రతివాదికంటె చక్కగా చెప్పి, పిమ్మట సిద్ధాంతమునకు దిగెడివారు. రాజశేఖరుడు కావ్యమీమాంసలో ఆచార్యుల మాటలను వరుసగా చెప్పి, తన మాట వచ్చినప్పుడు ఇది యాయావరీయుని మతమని తన వంశనామముతో ముద్రవేసెను. కౌటిల్యుడు పలుతావుల ఆచార్యుల మతమును చెప్పి, కాదని కౌటిల్యుడనుచున్నాడని తన పేరే పెట్టి త్రోసివేసెను. మీ వ్యాసములలో ఆ పేరెక్కడ?" అంటిని.

ఆయన తొణకలేదు. లేచి, బీరువానుండి అర్థశాస్త్రమును, మైసూరున శామశాస్త్రిగారు 1909లో లోకమునకు ప్రకటించిన గ్రంథమును, తీసి, అమాత్యుల నెన్నుకొను ప్రకరణమును విప్పిరి. తనతో చదువుకొన్నవారిని అమాత్యులుగా చేసికొనుమని భారద్వాజుడు. కలిసి ఆడుకొన్నవారు రాజును లక్ష్యపెట్టరని విశాలాక్షుడు. అదియు కాదని పరాశరులు. ఇట్లు ఒకరినొకరు ఖండించుకొనుచు ఏడు మతములు. చివర కౌటిల్యుని తీర్పు: అన్నియు యుక్తములే!

"చూచితివా, కౌటిల్యుడును కొందఱివాడే" అని ఆయన పుస్తకము మూసిరి. అన్నియు యుక్తములేయన్న ఆ మాటక్రిందను కౌటిల్యుని పేరున్నదని నాకు తోచునప్పటికి నేను మెట్లు దిగి ఉద్యానముదాక వచ్చియుంటిని.

ఇట్టివారు ఒకే యొకసారి, గ్రాంథికవ్యావహారికవివాదమున, తమ మతమును ప్రకటించిరి. 1911లో ఈ పట్టణముననే ఆంధ్రసాహిత్యపరిషత్తు వెలసి గ్రాంథికపక్షమునకు కోటయైనది. గిడుగు రామమూర్తి పంతులుగారు దానికెదురు నిలిచిరి. 1914లో గురజాడ అప్పారావుగారు మదరాసు విశ్వవిద్యాలయమునకు తమ అసమ్మతిపత్రమును సమర్పించిరి. ఆ అసమ్మతి ఎవరిదని అడుగవలసిన పని ఎవరికిని కలుగలేదు. ఆ వివాదమునుగుఱించి నలుబదియేండ్లకు పైగా ఆలోచించి, పత్రికలు చాలవఱకు వాడుకభాషకు మఱలి, పోరాడిన యోధులు గతించిన పిదప, కొందఱుగారు ధైర్యము చిక్కబట్టుకొని, నిర్దుష్టమైన గ్రాంథికమున ఒక వ్యాసము వ్రాసి, తుదివాక్యమును ఇట్లు ముగించిరి: "వాదరచనకు వ్యావహారికమే యుక్తమని నా దృఢాభిప్రాయము."

వ్యాసము జార్జిటౌనులోని యొక చిన్న అచ్చుకూటమునకు పోయినది. అక్కడి ముసలి కంపోజిటరు ఇరువదియేండ్లుగా వారి వ్రాతలనే కూర్చుచున్నవాడు. "అని కొందఱందురు" అను అక్షరములను పని ముగిసినపిమ్మట విప్పి గళ్ళలో వేయుట వృథాశ్రమయని గ్రహించి, దారముతో కట్టి, ఎప్పుడును చేతికందుచోట పెట్టుకొనెడివాడట. ఆ సంచికలో తుదివాక్యము ఇట్లు వెలువడినది: "వాదరచనకు వ్యావహారికమే యుక్తమని నా దృఢాభిప్రాయమని కొందఱందురు."

నేను సంచిక చంకనబెట్టుకొని, పరామర్శకు పోవు ముఖముతో మేడ యెక్కితిని. ఆయన కిటికీ ప్రక్క కూర్చుండి, ఆ పంక్తిక్రింద వ్రేలు నడుపుచు ఒకసారి చదివిరి, మఱల చదివిరి, కన్నద్దములు తీసి ఉత్తరీయపు చెంగుతో తుడిచికొనిరి.

"వ్రాసిననాటినుండియు ఏదో వెలితిగా నున్నదని అనుకొనుచునే యుంటినోయి. ఇప్పుడు కుదిరినది" అనిరి.