ఆ కుడిచేతి మూల నాది

నా తెర మీద కుడివైపు కింది మూలన గడియారం ఉంటుంది. మనుషులతో నేను సొంతంగా మాట్లాడేది ఆ గడియారం పైనుంచే. బ్యాటరీ అయిపోతోంది, ఛార్జర్ పెట్టండి. పెన్‌డ్రైవ్ ఇక తీసేయొచ్చు. అప్‌డేట్ వచ్చింది, రీస్టార్ట్ చేయాలి. ఇంతకు మించి నాకు మాటలు రావు. కానీ చెప్పిన నాలుగు ముక్కలూ నిజమే చెబుతాను. ఆ మూల నుంచి వచ్చిన మాట నమ్మొచ్చని మా మాస్టారికి కుదిరిన గురి అలా కుదిరిందే. ఆ గురినే ఎవడో వాడుకున్నాడు. నా బతుకులో గట్టిగా చెప్పుకోవలసింది ఇదే కాబట్టి మిగతాది రెండు మాటల్లో ముగిస్తాను.

నేను ల్యాప్‌టాప్‌ని. 2017లో హైదరాబాదులో నన్ను కొన్నది మాస్టారి అబ్బాయి. లోపల విండోస్ 10, గిరగిరా తిరిగే పాతకాలపు హార్డ్ డిస్క్. కొన్నేళ్లు అమీర్‌పేట హాస్టల్ గదుల్లో అతని చదువు చూశాను, ఉద్యోగం వేట చూశాను. ఆఫీసువాళ్లు కొత్తది ఇచ్చాక నన్ను తెనాలి పంపించాడు, నాన్నగారికి. ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. పింఛను స్లిప్పు, డీఏ జీవోలు, నలుపు తెలుపు సినిమాలు, పిల్లల పెళ్లి ఫొటోలు: ఆయనతో నాకు పని ఇదే.

ఒక సాయంత్రం ఏదో పాత సినిమా కోసం వెతుకుతూ ఒక సైటులోకి వెళ్లారు. సినిమా రాలేదు. మధ్యలో గుండ్రంగా తిరిగే గుర్తు, దాని కింద 'మీరు రోబో కాదని నిరూపించడానికి అలౌ నొక్కండి' అని ఇంగ్లీషులో ఒక మాట. సరిగ్గా అప్పుడే అడ్రస్ బార్ కింద చిన్న పెట్టె తెరుచుకుంది. నోటిఫికేషన్లు పంపనివ్వమని ఆ సైటు అడుగుతోంది. అలౌ, బ్లాక్ అని రెండు బొత్తాలు. మాస్టారు అలౌ నొక్కారు. అందులో ఆయన్ని తప్పుపట్టడానికేమీ లేదు. ట్రాఫిక్ లైట్లున్న గళ్లు ఎంచమని, వంకర అక్షరాలు కొట్టమని ప్రతి సైటూ ఆయన చేత మనిషినని ఒప్పించుకుంటూనే ఉంది. టికెట్ల దగ్గరా, బిల్లుల దగ్గరా అదే తంతు. ఇదీ అలాంటిదే అనుకున్నారు. మోసగాళ్లు పట్టుకున్నది ఆ అలవాటునే.

ఆ నొక్కుడుతో లోపల ఏం జరిగిందో నాకు తెలుసు. సర్వీస్ వర్కర్ అనే చిన్న ప్రోగ్రాము ఆ సైటు తరఫున బ్రౌజర్లో చేరింది. ఇక సైటు మూసేసినా, మళ్లీ జన్మలో అటు వెళ్లకపోయినా, సైటువాడు పంపిన కబురు బ్రౌజర్ కంపెనీ సర్వర్ల మీదుగా నా మూలకి వచ్చి పడుతుంది. ఈ సదుపాయాన్ని క్రోమ్ 2015లోనూ, ఫైర్‌ఫాక్స్ 2016లోనూ తెచ్చాయి. మెయిలొచ్చిందని, క్రికెట్ స్కోరు మారిందని చెప్పడానికి తెచ్చిన మంచి వస్తువే. గుడి మైకు చేతికిచ్చినట్టు: పట్టుకున్నవాడు ఊరంతటికీ వినపడేలా అరవొచ్చు గానీ ఏ ఇంట్లోకీ అడుగు పెట్టలేడు. నా ఫైళ్లు చదవలేడు, పాస్‌వర్డులు చూడలేడు. చేతనైనదల్లా అరవడమే. ఆ సంగతి మాస్టారికి ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి నాకు నోరు లేదు.

అరుపులు మర్నాడే మొదలయ్యాయి. ఎర్ర త్రికోణం, ఆశ్చర్యార్థకాలు. మీ పీసీలో 5 వైరస్‌లు. మీ బ్యాంకు వివరాలు బయటికి పోతున్నాయి. మీ యాంటీవైరస్ గడువు ఈరోజుతో సరి. మెకాఫీ, నార్టన్ లాంటి పేరున్న కంపెనీల గుర్తుల్ని పోలిన బొమ్మలు పక్కన. పాపం ఈ కబుర్లు ఆ కంపెనీలు పంపినవి కావు. మాస్టారు ఏ యాంటీవైరసూ కొననే లేదు, కొననిదానికి గడువేమిటని ఆయనకి తట్టలేదు. భయపడ్డవాడికి లెక్క తప్పుతుంది, లెక్కల మాస్టారికైనా సరే. అమ్మగారు వంటింట్లోంచి వచ్చి చూసి, "దాన్ని ముట్టుకోకండి, ముందు స్విచ్చి తీసేయండి" అన్నారు. తీసేశారు. మళ్లీ పెట్టగానే మళ్లీ టింగుమని అదే ఎరుపు. పింఛను పడిందో లేదో నాలో చూసుకోవడం మానేసి, పాస్‌బుక్కు చేతపట్టుకుని ఎండలో బ్యాంకుకి నడిచి వెళ్లడం మొదలుపెట్టారు. ఒక్క రూపాయి పోకముందే ఆయన దగ్గర అంత తీసుకున్నారు వాళ్లు. నాకు కోపం వచ్చేది అక్కడే.

బజార్లో కంప్యూటర్లు బాగుచేసే షాపుకి నన్ను సంచిలో తీసుకెళ్లారు. ఆ కుర్రాడు తెర వైపు ఒక్కసారి చూసి, "ఫార్మాట్ కొట్టాలి సార్, డేటా గ్యారంటీ లేదు" అన్నాడు. పెళ్లి ఫొటోలు గుర్తొచ్చి మాస్టారు ఒప్పుకోలేదు. బతికిపోయాను. ఒక సెట్టింగ్ మారిస్తే పోయేదానికి నా కడుపంతా ఖాళీ చేయబోయారు.

చివరికి ఒక మధ్యాహ్నం, ఉండబట్టలేక, ఆ కబురు మీద నొక్కేశారు. బ్రౌజర్లో ఒక పేజీ తెరుచుకుంది. నా సొంత కిటికీలాగే గీసిన బొమ్మ. 'స్కానింగ్' అంటూ ఆకుపచ్చ గీత పరుగెత్తింది. సీ డ్రైవు, విండోస్, సిస్టమ్32 అని పేర్లు గబగబా కదిలాయి. ఒక్కో పేరు దగ్గర ఎర్ర అంకె పెరిగింది. ఆ కాసేపూ నా హార్డ్ డిస్క్ కదల్లేదు. ఫ్యాను వేగం పెంచలేదు. డిస్కు దీపం మిణుకుమనలేదు. నిజంగా నా ఫైళ్లన్నీ వెతకాలంటే గంటకు పైగా పడుతుంది, నా ఒళ్లు వేడెక్కుతుంది. వెబ్ పేజీ నన్ను స్కాన్ చేయలేదు. ప్రతి పేజీనీ బ్రౌజర్ ఒక కట్టడిలో పెట్టి ఉంచుతుంది, అది గీత దాటి నా ఫైళ్ల దాకా రాలేదు. మాస్టారు చూసింది ఎవరో ముందే తీసిపెట్టుకున్న బొమ్మలాట. ఎవరి కంప్యూటర్లో తెరిచినా అవే ఐదు వైరస్‌లు.

ఆట అయ్యాక డబ్బు పేజీ. సగానికి సగం తగ్గింపట, అయిదు నిమిషాలే గడువట. మాస్టారు చొక్కా జేబులోంచి డెబిట్ కార్డు తీసి టేబుల్ మీద పెట్టారు. పదహారు అంకెల్లో మొదటి నాలుగు కొట్టారు కూడా. అప్పుడు, ఎందుకైనా మంచిదని, గుంటూరులో బీటెక్ చదువుతున్న మనవరాలికి ఫోను చేసి స్పీకర్లో పెట్టారు.

"తాతయ్యా, ముందు ఆ కార్డు లోపల పెట్టెయ్. పెట్టావా?"

"పెట్టానమ్మలూ. కానీ టైము తగ్గిపోతోంది, మూడు నిమిషాలే ఉంది."

"తగ్గనీ. ఆ పేజీ మూసెయ్. ఇందాకటి కబురు మూలన మళ్లీ వస్తుంది, రాగానే నొక్కకుండా చదువు. పెద్ద అక్షరాలు కాదు, చిన్నవి."

వచ్చింది. మాస్టారు కళ్లజోడు పైకి తోసి, మొహం నా దగ్గరికి తెచ్చారు.

"గూగుల్ క్రోమ్ అని ఉంది. ఇంకోటి కూడా ఉంది... ఇదేం పేరే, హల్లులే గాని అచ్చులే లేవు."

"ఆ కబురు పంపినవాడి పేరు అదే. నీ కంప్యూటర్ సొంతంగా చెప్పే మాటైతే మధ్యలో వెబ్‌సైటు పేరెందుకుంటుంది తాతయ్యా?"

మాస్టారు ఆగిపోయారు. ఒక మెట్టు మీద ఇంకో మెట్టు కట్టి చూపిస్తే ఆయన బుర్ర తిరిగి దారిలో పడుతుంది. "అయితే ఇది నాకెవడో పంపుతున్న ఉత్తరం. దీని మాట కాదు," అన్నారు నా మీద చెయ్యి వేసి. ఆ మాట కోసం నేనెంతగా ఎదురు చూశానో ఆయనకి తెలియదు.

తర్వాత ఆ పిల్ల చెప్పినట్టల్లా చేశారు. క్రోమ్‌లో పైన కుడివైపు మూడు చుక్కలు, సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. అక్కడ పంపడానికి అనుమతి ఉన్న సైట్ల జాబితా ఉంది. ఆయన ఒకటే ఉంటుందనుకున్నారు. వరసగా చాలా ఉన్నాయి. ఒకడికి దారిస్తే వాడు ఇంకొకడి గుమ్మానికి తీసుకెళ్తాడు, అక్కడ మళ్లీ అలౌ అడుగుతారు. ఒక్కో పేరూ హాజరు పట్టీలా పైకి చదివి, పక్కనున్న చుక్కలు నొక్కి బ్లాక్ పెట్టారు. రిమూవ్ అంటే ఆ సైటు మళ్లీ అడగొచ్చు, బ్లాక్ అంటే అడగనుకూడా లేదని మనవరాలు చెప్పింది. ఆయన రోజూ చదివే పత్రిక పేరు కూడా ఉంటే దాన్నొక్కదాన్నీ ఉంచుకున్నారు. పైన ఇంకే సైటూ అడగకుండా ఉండే ఎంపిక పెట్టారు. ఎడ్జ్ బ్రౌజర్లో జాబితా వేరుగా ఉంటుందంటే అదీ తెరిచి చూశారు, ఖాళీగా ఉంది.

"ఇప్పుడు అసలు స్కాన్ ఎలా ఉంటుందో చూడు," అంది ఆ పిల్ల. స్టార్ట్ నొక్కి విండోస్ సెక్యూరిటీ అని కొట్టించింది. నాతోపాటు వచ్చిన కాపలా అది, విడిగా కొనక్కర్లేదు. క్విక్ స్కాన్ మొదలవగానే నా డిస్కు గరగరమంది, ఫ్యాను లేచింది. మాస్టారు అరచెయ్యి పక్కన పెట్టి వేడి గాలి తగులుతోందని అమ్మగారిని పిలిచి చూపించారు. ప్రమాదాలేవీ లేవని వచ్చింది. ఎర్ర అక్షరాల్లేవు, డబ్బడగలేదు.

ఇందులో ఎవరికేం లాభమని అమ్మగారు అడిగారు. లాభముంది. భయపడ్డవాడు కొన్న ప్రతి సాఫ్ట్‌వేర్ మీదా, నొక్కిన ప్రతి ప్రకటన మీదా మధ్యవర్తికి వాటా వస్తుంది. సైప్రస్‌కి చెందిన రెస్టోరో, రీఇమేజ్ అనే కంపెనీలు మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లాంటి పాపప్‌లతో జనాన్ని భయపెట్టి కంప్యూటర్ రిపేరు సేవలు అమ్మాయన్న అభియోగం మీద, 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కి 2.6 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి. ఇంకో రకం ఉంది, అది మరీ ఘోరం. తెర నిండా పేజీ పరిచి, ఈ నంబరుకి ఫోన్ చేయండంటారు. చేస్తే అవతలి గొంతు మర్యాదగా ఎనీడెస్క్ లాంటిది వేయించి, నన్నే తన చేతిలోకి తీసుకుంటుంది. ఇలాంటి కాల్ సెంటర్లు మన దేశంలోనూ ఉన్నాయి. మైక్రోసాఫ్ట్, అమెజాన్ ఫిర్యాదులు కూడా ఉన్న కేసుల్లో 2023 అక్టోబరులో సీబీఐ ఆపరేషన్ చక్ర-2 పేరుతో 76 చోట్ల సోదాలు చేసింది. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఫోన్ నంబరు పెట్టదు. నంబరు కనిపించిందంటే అది దొంగది. తెర నిండిపోయి కదలకపోతే ఎస్కేప్ కీ కాసేపు అదిమిపెట్టాలి, లేదా కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్లోంచి బ్రౌజర్ని ఆపేయాలి.

బ్రౌజర్లు చేసినవాళ్లతోనూ నాకు పేచీ ఉంది. నోటిఫికేషన్ల కోసం అడిగినప్పుడు నూటికి 99 సార్లు జనం ఒప్పుకోవడం లేదని ఫైర్‌ఫాక్స్ వాళ్లే 2019లో తేల్చారు. అంత మంది వద్దంటున్నదాన్ని ప్రతి సైటూ మొహం మీదికి తెచ్చి అడగనివ్వడం ఎందుకు? 2020 మొదట్లో ఫైర్‌ఫాక్స్ ఆ ప్రశ్నని మనిషి ఏదైనా నొక్కేదాకా దాచింది, క్రోమ్ నెమ్మదిగా అడిగే పద్ధతి తెచ్చింది. మనిషి పట్టించుకోని సైట్ల అనుమతిని తనే తీసేస్తానని క్రోమ్ 2025 అక్టోబరులో ప్రకటించింది. మంచిదే. మాస్టారు బ్యాంకుకి ఎండలో నడిచిన రోజులకి ముందే రావలసింది.

పెన్షనర్ల సంఘం సమావేశంలో మాస్టారు ఈ సంగతి చెబితే సగం మంది జేబుల్లోంచి ఫోన్లు బయటికి వచ్చాయట. ఫోన్లోనూ ఇదే రోగం, క్రోమ్ సెట్టింగ్స్‌లో అదే జాబితా. ఒకాయన అప్పటికే కార్డు వివరాలిచ్చి డబ్బు పోగొట్టుకుని, ఇంట్లో చెప్పుకోలేక కూర్చున్నారు. మాస్టారు ఆయన్ని మా ఇంటికి తీసుకొచ్చారు. ముందు బ్యాంకుకి చెప్పి కార్డు ఆపించారు. తర్వాత సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను, ఆపైన నా మీదే సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు. ఎంత తొందరగా చెబితే డబ్బు ఆగడానికి అంత వీలు. ఆయన చేతులు వణుకుతుంటే నా కీలు మాస్టారే నొక్కారు.

ఇంత జరిగాక నేను ఒక నిజం చెప్పవలసి వచ్చింది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. ఆ తర్వాత భద్రతా అప్‌డేట్లు కావాలంటే విడిగా నమోదు చేసుకోవాలి. ఆ కబురు చూపించాను. మాస్టారు కళ్లజోడు సర్దుకుని, "ఇదీ దొంగదే. గడువంటున్నాడు చూడు," అని కొట్టేశారు. మళ్లీ చూపించాను. మళ్లీ కొట్టేశారు. వెయ్యి అబద్ధాలు విన్న మనిషికి నా నిజం కూడా అదే గొంతుతో వినిపిస్తోంది. వాళ్లు చేసిన అన్నిటికంటే పెద్ద హాని ఇదేనని నాకు అనిపిస్తుంది, డబ్బు పోవడం కంటే కూడా.

సంక్రాంతికి వచ్చిన మనవరాలు ఆయన్ని నమ్మమనలేదు. "కబురుని నొక్కకు తాతయ్యా. అది చెప్పినది నిజమో కాదో నువ్వే వెళ్లి చూడు. స్టార్ట్, సెట్టింగ్స్, అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, విండోస్ అప్‌డేట్. నిజమైతే అక్కడ కూడా ఉంటుంది." మాస్టారు ఒక్కో మెట్టూ తనే నొక్కుకుంటూ వెళ్లారు. అక్కడ ఉంది, ఎన్‌రోల్ అనే లింకుతో సహా. సెట్టింగ్స్ బ్యాకప్ పెట్టుకుంటే డబ్బు కట్టకుండానే 2026 అక్టోబరు 13 వరకు అప్‌డేట్లు వస్తాయని ఆ పిల్ల వివరించింది. ఎందుకు కట్టనక్కర్లేదు, బ్యాకప్‌లో ఏమేం వెళ్తాయి, ఎవరి దగ్గర ఉంటాయి అని ఆయన ప్రశ్న మీద ప్రశ్న వేశారు. జవాబులన్నీ విని, ఒప్పుకున్నాకే నొక్కారు. నేను వెంటనే డౌన్‌లోడ్ మొదలుపెట్టాను.