ఎడమకాలికి పని లేని బండి

మా మావయ్యగారు ముప్ఫై ఒక్క ఏళ్లు బస్సు నడిపి రిటైరయ్యారు. ఆరు నెలల వీసా మీద ఇంగ్లండ్ వచ్చిన మర్నాడే, రీడింగ్‌లో మా ఇంటి ముందున్న మోటర్‌హోమ్ ఎక్కి డ్రైవర్ సీట్లో సర్దుకుని కూర్చున్నారు. ఎడమకాలు చాచారు. ఏమీ తగల్లేదు. ఇంకాస్త చాచారు. చివరికి కళ్లజోడు సవరించుకుని, వంగి చూసి, "అల్లుడుగారూ, క్లచ్ ఎవరో పీక్కుపోయారండీ" అన్నారు.

మోటర్‌హోమ్ అంటే మంచం, పొయ్యి, సింకు, మరుగుదొడ్డి అన్నీ ఉన్న వ్యాను. మాది 2004 మోడలు, సెకండ్ హ్యాండు. 1997 తర్వాత ఇక్కడ కారు లైసెన్సు తీసుకున్న నాలాంటివాడు మొత్తం బరువు 3,500 కిలోలు దాటిన ఇలాంటి బండి నడపకూడదు. ఆ లెక్కలో నీళ్ల ట్యాంకు, గ్యాసు బండ, మావయ్యగారు, మా ఆవిడ ఆవకాయ జాడీలు అన్నీ వస్తాయి. ఓసారి తూకం వేయిస్తే ఇరవై కిలోలు ఎక్కువొచ్చింది. నీళ్లు పారబోశాం. ఆవకాయ మాటెత్తే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

క్లచ్ ఎవరూ పీక్కుపోలేదని మావయ్యగారికి నచ్చజెప్పడానికి రెండు కాఫీలు పట్టింది. ఇది అసలు సిసలు ఆటోమాటిక్ కాదు. లోపలున్నది మామూలు గేర్‌బాక్సే, మామూలు క్లచ్చే. మన ఎడమకాలు, ఎడమచెయ్యి చేసే పని కంప్యూటరు చెప్పినట్టు ఓ యంత్రం చేస్తుంది. 2014లో మారుతి సెలేరియోతో మన దేశంలో కార్లకి వచ్చిన ఏఎంటీ ఈ బాపతే. గేరు మారే ముందు ఓ క్షణం ఇంజను ఊపిరి బిగబడుతుంది, అప్పుడు వ్రతకథకి ఊఁ కొట్టినట్టు లోపలివాళ్ల తలలన్నీ ఒక్కసారి ముందుకి ఊగుతాయి.

"అయితే కనపడని క్లీనరు కుర్రాడొకడు లోపల కూర్చుని తొక్కుతున్నాడన్నమాట" అన్నారాయన. ఇంతకన్నా మంచి వివరణ నేను బండి పుస్తకంలో కూడా చదవలేదు.

ఆ కుర్రాడు మేం షికారెళ్లిన లేక్ డిస్ట్రిక్ట్ కొండల్లో సమ్మె చేశాడు. అక్కడ కర్క్‌స్టోన్ పాస్ అని 454 మీటర్ల ఎత్తున ఓ కనుమ ఉంది. ఆంబుల్‌సైడ్ నుంచి దానిమీదికెక్కే రోడ్డుకి అక్కడివాళ్లు పెట్టుకున్న పేరు 'ద స్ట్రగుల్', అంటే పెనుగులాట. పేరు చదివి కూడా ఎక్కించాను. ముందు ఆరుగురు సైకిళ్లవాళ్లు, వెనక ఓ ట్రాక్టరు. బండి నడక వేగంతో గింజుకుంటోంది.

"హాఫ్ క్లచ్ మీద ఏడిపిస్తోంది దీన్ని" అన్నారు మావయ్యగారు. "నా దగ్గర ట్రైనింగుకొచ్చిన కుర్రాడు ఇలా చేస్తే అక్కడే దింపేసేవాణ్ణి."

ఆ మాట విన్నట్టే తెర మీద 'ఎన్' అని వెలిగింది. న్యూట్రల్. మళ్లీ ఎంత బతిమాలినా గేరు పడలేదు. హ్యాండ్ బ్రేకు లాగి కూర్చున్నాం. ఇరవై నిమిషాలకి దానంతటదే పడింది. "ఎయిర్ లాకు" అని ఒక్క మాటలో తేల్చేసి, ఆయన పులిహోర డబ్బా మూత తీశారు.

ఇంటికొచ్చి చదువుకుంటే ఆయన మాటే నిజం. మా బండి క్లచ్‌లో ఉండేది డాట్ 4, అంటే బ్రేకుల్లో పోసే ద్రవమే. వానాకాలంలో బెల్లం చెమర్చినట్టు ఇది గాల్లో తేమని పీల్చుకుంటుంది. కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. నీళ్లు చేరాక 155 డిగ్రీలకే మరిగిపోవచ్చు. ద్రవాన్ని నొక్కితే నలగదు, ఆవిరైతే నలుగుతుంది. కుర్రాడు తొక్కుతూనే ఉంటాడు, ఆ బలం బుడగల్ని నొక్కడానికే సరిపోతుంది. క్లచ్ పూర్తిగా విడవకపోతే కంప్యూటరు గేరు వెయ్యనివ్వదు.

రెండేళ్లకోసారి మార్చాల్సిన ఈ ద్రవాన్ని ఎప్పుడు మార్చారో బండి కాగితాల్లో ఎక్కడా లేదు. ఇక్కడ ఏటా చేయించే ఎమ్‌ఓటీ పరీక్షలో ఇంజను, క్లచ్, గేర్‌బాక్సు చూడనే చూడరు. ఒక గ్యారేజీ వాళ్లకి మా బండి ఎత్తు పట్టలేదు. రెండో గ్యారేజీ పెద్దమనిషి బండి చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి, పళ్ల సందులోంచి గాలి పీల్చి, టీ తాగడానికి వెళ్లాడు. ఇంకా తాగుతూనే ఉన్నాడనుకుంటాను.

"మనమే చేద్దాం. ఇద్దరి పనే కదా" అన్నారు మావయ్యగారు. ఇద్దరి పనే. ఒకరు పైన క్లచ్ కొట్టి పట్టుకోవాలి, ఇంకొకరు కింద దూరి గాలి తీసే నిపుల్ వదులు చేసి, పాత ద్రవం, గాలి బయటికి పోగానే బిగించాలి. శనివారం పొద్దున నేను పదకొండో నంబరు పానా పట్టుకుని బండి కింద దూరాను. ఆయన లుంగీ ఎగ్గట్టి సీటెక్కారు.

"మావయ్యగారూ, కొట్టి పట్టుకోండి!"

పైనుంచి చప్పుడు లేదు.

"ఏం కొట్టమంటారు అల్లుడుగారూ?" అని కాసేపటికి వినిపించింది.

ఆ మధ్యాహ్నం ఓ మిత్రుడి దగ్గర్నుంచి లాప్‌టాప్ వచ్చింది. బండికి తగిలించి బటను నొక్కితే అది ఆ కనపడని కుర్రాడి చేత క్లచ్ తొక్కిస్తుంది. దానికి తోడు, స్పేర్ టైరు గాలితో ద్రవాన్ని పైనుంచి తోసే సీసా ఒకటి. టైరు గాలి 20 పీఎస్‌ఐకి దించుకోమని దాని పెట్టె మీద రాసుంది. దించాను. మూతలో రబ్బరు వాషరు సరిగ్గా కూర్చోలేదని మాత్రం ఎక్కడా రాసిలేదు. బుస్సుమంది. డాట్ 4 పెయింటు తినేస్తుంది. నా అరుపు విని మా ఆవిడ చెంబుతో నీళ్లు తెచ్చి గుమ్మరించింది. సగం బానెట్టు మీద, సగం నా మీద. పెయింటు దక్కింది.

రెండోసారి అన్నీ కుదిరాయి. పారదర్శకమైన గొట్టంలో మొదట నల్లగా, చిక్కగా దిగింది. సీసా ఎత్తి వెలుగులో చూసి, "ఇది ఫ్లూయిడా, ఉలవచారా?" అన్నారాయన. తరవాత చిన్న చిన్న బుడగలు, వాటి వెనక నువ్వులనూనె రంగులో కొత్తది. బుడగలాగాక నిపుల్ బిగించాను. ఇక లాప్‌టాప్ చేత బండికి క్లచ్ ఎక్కడ కలుస్తుందో మళ్లీ నేర్పించాలి.

నేను బటను నొక్కుతున్నాను. లోపల 'టక్'మంటోంది, ఆగుతోంది, వదులుతోంది. సాయం చెయ్యడానికి ఏమీ లేక మావయ్యగారు సీట్లోనే కూర్చున్నారు. ఎందుకో కిందికి చూశాను. 'టక్'మన్నప్పుడల్లా ఆయన ఎడమకాలు ఉత్త నేలని మెల్లగా తొక్కి, పట్టుకుని, హాఫ్ క్లచ్ దగ్గర ఓ క్షణం ఆగి, వదులుతోంది.